శుక్రవారం తగాదా

మునీర్ లుంగీని వెలుతురుకి పట్టి చూశాడంటే ఏదో ఒక తప్పు పట్టకుండా కిందికి దించడు. తప్పు దొరక్కపోతే ఆ కోపం వేరు. ఆ శుక్రవారం జుమ్మా నమాజు చేసుకొచ్చి, తలమీది టోపీ అయినా తియ్యకుండా పెరటి షెడ్డు గుమ్మంలో నిలబడి, మొదటి లుంగీ మడత విప్పి రెండు చేతులా బార్లా చాపాడు. పాండురంగయ్య మగ్గం గుంట అంచున కూర్చుని, కాళ్ళు గుంటలోనే ఉంచుకుని, ఇంట్లోంచి వచ్చిన టీ తాగుతున్నాడు. చూడనట్టే ఉన్నాడు గాని చూపంతా ఆ బట్ట మీదే ఉంది.

"ఏంటి బాబాయ్ ఈ గళ్ళు, తాగొచ్చి నడిచినట్టున్నాయి?"

"గళ్ళు తిన్నగానే నడుస్తున్నాయి. నీ చూపుకే నిలకడ లేదు."

"ఇక్కడ పేక పలచబడింది. వేలు పెడితే అవతలికొస్తుంది."

"పెట్టి చూడు. విరగ్గొడతాను."

మునీర్ నిజంగానే వేలు పెట్టి చూశాడు. వేలు అవతలికి రాలేదు. దాంతో ఒళ్ళు మండి రెండో లుంగీ అందుకున్నాడు. "నలభై ఏళ్ళు నేశానని చెప్పుకుంటావు. నలభై ఏళ్ళ నుంచీ అంచు ఇలాగే వంకర."

"మీ నాన్న బట్ట పట్టుకుని చూస్తుంటే దండం పెట్టబుద్ధేసేది. ఆయన కడుపున చెడబుట్టావు. ఈ సాయిబు కొంపలో నీళ్ళు తాగేకంటే ఆ కృష్ణలో మునిగిపోయినా బాగుండేది."

"మునగాల్సింది. నిన్నెవరు రమ్మన్నారు? వరదకి కొట్టుకొచ్చినవాణ్ణి నెత్తికెక్కించుకున్నాను, నాదీ బుద్ధి తక్కువ. రేపే సర్దుకుని బయల్దేరు."

"రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే పోతా. నీ షెడ్డుకి నిప్పెట్టి మరీ పోతా."

గోడ వారన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న ఆయన భార్య రాఘవమ్మ తల కూడా ఎత్తలేదు. "జహీదా, ఇంకో గుక్క టీ ఉంటుందా అమ్మా, మీ బాబాయికి గొంతెండినట్టుంది" అంది.

ఎనిమిది లుంగీల్లో ఏడు ఒప్పుకుని, ఎనిమిదోది పనికిరాదని విసిరేసి, మళ్ళీ తనే వంగి తీసి మడతపెట్టి మూటలో పెట్టుకున్నాడు మునీర్. వచ్చేవారానికి నూలు చిలపలు గుంట పక్కన దించాడు. "ఇవీ ఇలాగే తగలెయ్యి" అని వెళ్ళిపోయాడు. పాండురంగయ్య మీసాల కింద నవ్వుకుంటూ ఖాళీ గ్లాసు పక్కన పెట్టాడు.

వాళ్ళ నాన్నల నాటినుంచీ ఇదే వరస. నేసినవాడు ఎదురుగా ఉండగా మడత విప్పాలి, తప్పు పట్టాలి, తిట్టాలి, తిట్టించుకోవాలి. అప్పుడే ఆ బట్టని సరిగ్గా చూసినట్టు. మాట్లాడకుండా మూట కట్టుకుపోయే షావుకారంటే నేతగాళ్ళకి భయం. వాడు వచ్చేవారం రాడని అర్థం.

ఇదంతా నూలు మూటల పక్కన నిలబడి చూస్తున్న అమన్‌కి ఏం తెలుసు, పాపం. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఢిల్లీలో ఒక ఇంగ్లీషు వారపత్రికలో పనిచేస్తాడు, అక్టోబరు వరద మీద పెద్ద వ్యాసం రాయడానికి వచ్చాడు. మర్యాదస్తుడు. ఎవరింటికెళ్ళినా గుమ్మంలో చెప్పులు విప్పుతాడు, ఏం పెట్టినా తింటాడు. తెలుగు ముక్క రాదు. మునీర్ చెల్లెలు జహీదా పటమటలోని ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు కాబట్టి, కాలేజీ కరెస్పాండెంటు గారు ఆవిడ్ని దుబాసీగా అప్పగించారు.

అప్పటిదాకా ఫోటోలు తీసిన కెమెరా అతని మెడలో ఉంది, చేతిలో చిన్న రికార్డరు. దాని ఎర్ర దీపం వెలుగుతూనే ఉందని జహీదా అప్పుడే చూసింది.

దుబాసీ పనికి జహీదా ఊరికే ఒప్పుకోలేదు. ఆవిడకో ఆశ ఉంది. రెండు రోజుల ముందు, బుధవారం, కాలేజీకి సెలవు పెట్టి అమన్‌ని ఉయ్యూరు మీదుగా పాండురంగయ్య ఊరు మేరకపాలేనికి తీసుకెళ్ళింది. పాండురంగయ్య కూడా వచ్చాడు. దారంతా చెరకు ట్రాక్టర్లు. ఊళ్ళో గోడలు నిలబడే ఉన్నాయి. గోడల మీద నిలువెత్తున మట్టి చార. ఇంట్లోకి వెళితే గుంట ఉండాల్సిన చోట నేల చదునుగా ఉంది. పాండురంగయ్య ఒక కర్ర తెచ్చి అక్కడ గుచ్చాడు. కర్ర సగం దిగిపోయి నీళ్ళు పైకి ఊరాయి.

"ఇదేనండీ నా మగ్గం" అన్నాడు. "ఇందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటేనే నేను నేతగాణ్ణి. లేకపోతే ఎవణ్ణి? నష్టపరిహారం లిస్టు రాయడానికొచ్చినాయన గోడలు తట్టి చూశాడు. గోడ పడలేదు, పైకప్పు పోలేదు, నీకు నష్టం లేదు అన్నాడు. గుంట సంగతేంటండీ అంటే, గుంటంటే గొయ్యే కదా, గొయ్యి పూడితే మంచిదేగా అన్నాడు. ఊళ్ళో అరవై గుంటలున్నాయండీ. ఒక్కటీ లిస్టులో లేదు."

జహీదా దాన్ని ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ఒక్క మాట జారిపోకుండా చెప్పింది. గుంటని ఏమనాలో ఆలోచించి, లోతెంతో, ఎందుకుండాలో, నూలుకి నేల చెమ్మ ఎందుకు కావాలో కూడా విడమరిచింది. అమన్ తలాడించి రాసుకున్నాడు. రాసుకున్నది రెండు వరుసలు. ఆ తర్వాత కాలవ గట్టు మీద మేస్తున్న మేకల్ని ఫోటో తీశాడు.

ఊరు దాటాక కారులో పాండురంగయ్య మెల్లిగా అడిగాడు. "రాస్తాడంటావా అమ్మాయ్, గుంట సంగతి?"

"రాస్తాడు బాబాయ్. ఇంగ్లీషులో పడితే పై ఆఫీసర్లు చదువుతారు. లిస్టు మళ్ళీ రాయమంటారు" అంది జహీదా. తను చెప్పేది తనే నమ్మింది. పదేళ్ళుగా పిల్లలకి ఇంగ్లీషు ఎందుకు నేర్చుకోవాలో చెబుతూ చెబుతూ, దానితో ఏ పనైనా అవుతుందని ఆవిడే నమ్మడం మొదలుపెట్టింది.

అమన్ నోటుపుస్తకంలో మూడు శీర్షికలుండటం ఆవిడ ఆ రోజే గమనించింది. వాతావరణ మార్పు, ఘర్షణ, వలస. మొదటిదాని కింద వరద, సముద్రం, వానల లెక్కలు. మూడోదాని కింద పాండురంగయ్య పేరు, వయసు, మేరకపాలెం నుంచి పటమటకి ఎన్ని కిలోమీటర్లో. మధ్య పేజీ తెల్లగా ఉంది.

"ఇక్కడ తగాదాలేమీ లేవా మేడమ్?" అని అడిగాడు కూడా. "నీళ్ళ కోసం, చోటు కోసం? ప్రపంచంలో ఎక్కడ చూసినా ఈ మూడూ కలిసే వస్తున్నాయి. మా ఎడిటర్ అడుగుతారు."

"లిస్టు రాసినాయనతో ఉందిగా" అంది జహీదా.

"అది పరిపాలన సమస్య" అన్నాడు అమన్.

శుక్రవారం మునీర్ వెళ్ళిపోయాక ముందుగదిలో కూర్చుని, ఆ రికార్డింగు మళ్ళీ పెట్టి, ఒక్కో మాటకీ అర్థం చెప్పమన్నాడు. జహీదాకి నవ్వొచ్చింది. ఇదెందుకండీ అంది. ఆ ధోరణి బాగుంది, కావాలి అన్నాడు. సరేనని చెప్పింది. ఉన్నదున్నట్టు, ఏ క్రియ ఏ కాలంలో ఉందో ఆ కాలంలోనే. సాయిబు కొంపలో నీళ్ళు, కృష్ణలో మునగడం, షెడ్డుకి నిప్పు. చెప్పేటప్పుడు తన వాక్యాలు తనకే ముచ్చటేశాయి. అమన్ పెన్ను ఆగకుండా నడుస్తోంది. నడిచేది ఏ పేజీ మీదో ఆవిడ చూసుకోలేదు.

"నిజంగా నిప్పు పెడతాడా?" అని అడిగాడు అమన్.

"అయ్యో, ఊరికేనండీ. వాళ్ళు ప్రతి శుక్రవారం ఇంతే. నమాజు అయ్యి మా అన్న వచ్చాడంటే మొదలవుతుంది" అంది జహీదా నవ్వుతూ.

అమన్ అదీ రాసుకున్నాడు.

మరుసటి గురువారం పత్రిక బెజవాడ వచ్చింది. కాలేజీ అయ్యాక జహీదా బస్టాండు దగ్గర పుస్తకాల కొట్లో రెండు కాపీలు కొని, ఒకటి పాండురంగయ్యకి ఇవ్వాలనుకుని, ఆటోలోనే విప్పింది. 'మునుగుతున్న డెల్టా, రగులుతున్న నగరం' అని పేరు. ఆరు పేజీలు. మొదటి పేజీ నిండా ఫోటో. మునీర్ టోపీతో, చేతులు చాపి, నోరు తెరిచి ఉన్నాడు. ఎదురుగా పాండురంగయ్య గుంట అంచున, వేలు చూపిస్తూ ఉన్నాడు. వాళ్ళిద్దరి మధ్యా లుంగీ ఉండాలి. దాన్ని కత్తిరించేశారు. టీ గ్లాసు కూడా ఫోటోలో లేదు.

గుంట సంగతి నాలుగో పేజీలో ఒక వాక్యంలో ఉంది. నేత కార్మికులు గోతుల్లో కూర్చుని పనిచేసే దుర్భర పరిస్థితి అని.

రెండో పేజీలో ఇలా ఉంది. 'వాతావరణం తరిమేసిన హిందూ నేతగాడు ఒక ముస్లిం వ్యాపారి షెడ్డులో తలదాచుకున్నాడు. ఇద్దరి మధ్యా చోటు కోసం ఉద్రిక్తత రోజురోజుకీ పెరుగుతోంది. ప్రతి శుక్రవారం, ప్రార్థనలు ముగియగానే, గొడవ మొదలవుతుందని వ్యాపారి సోదరే అంగీకరించింది.' కింద మాటలు వరుసగా ఉన్నాయి. కొంప, నీళ్ళు, నిప్పు. ఒక్క తప్పు లేదు. అన్నీ తను చెప్పినవే, తను చెప్పినట్టే.

పటమట సెంటర్లో దిగాల్సింది, ఆటో ఆటోనగర్ దాకా వెళ్ళిపోయినా జహీదా చూసుకోలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అమ్మీ అంటూ ఉంటుంది. తొక్కింది అడుసని అప్పుడు తెలిస్తే కదా.

రెండు కాపీలూ బీరువాలో బట్టల కింద దాచింది. మర్నాడు శుక్రవారం. మునీర్ వచ్చాడు, మడత విప్పాడు, పాండురంగయ్య తాతల దాకా తవ్వాడు. పాండురంగయ్య ఆ వారం మంచి ఊపుమీదున్నాడు. ఈ ఇంటి మీద పిడుగు పడాలన్నాడు. జహీదా వెళ్ళి షెడ్డు కిటికీ తలుపు మూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ తగాదా విని భయపడటం ఆవిడకి అదే మొదలు.

"ఎందుకే మూస్తావు, ఉక్కపోస్తోంది" అన్నాడు మునీర్.

"కొంచెం మెల్లిగా భయ్యా."

"మెల్లిగా తిడితే దాన్ని తిట్టంటారా?" అన్నాడు పాండురంగయ్య, మునీర్ తరఫున.

దాచితే దాగేదా అది. శనివారం ఒక తెలుగు దినపత్రిక జిల్లా పేజీలో ఆ వ్యాసాన్ని ముక్కలు చేసి వేసింది. ఇంగ్లీషులోంచి మళ్ళీ తెలుగులోకి వచ్చేసరికి ఆ మాటలకి కోరలు మొలిచాయి. సాయిబు కాస్తా 'ఆ వర్గం వారు' అయింది. షెడ్డుకి నిప్పు కాస్తా 'దహనం చేస్తానని హెచ్చరిక' అయింది. సాయంత్రానికి ముక్కూ మొహం తెలియని నలుగురు మనుషులొచ్చి పాండురంగయ్యని సందు చివరికి పిలిచి, నీకేం భయం లేదు, మేమున్నాం, వేరే చోటు చూపిస్తాం అన్నారు. మసీదు కమిటీ పెద్దాయన మునీర్ లుంగీల కొట్టు దగ్గరికొచ్చి, ఎందుకొచ్చిన తలనొప్పి, బక్రీదు పండగయ్యేదాకా అయినా ఆ ముసలాయన్ని పంపించెయ్యి అన్నాడు. ఇద్దరూ వాళ్ళని మర్యాదగానే సాగనంపారు. అయితే ఎవరొచ్చి ఏమన్నారో ఒకరికొకరు చెప్పుకోలేదు. జహీదాకి బాగా గుచ్చుకున్నది అదే.

సోమవారం పొద్దున కానిస్టేబుల్ వచ్చాడు. ఎస్సై గారు ఇద్దర్నీ ఒకసారి రమ్మన్నారని చెప్పాడు. జహీదా కూడా వెళ్ళింది. తనే చేసింది, తనే విప్పాలనుకుంది.

ఎస్సై కుర్రవాడు, చెడ్డవాడేం కాదు. పాండురంగయ్యకి కుర్చీ వేయించాడు. "బక్రీదు ఈ శనివారం. పైనుంచి అడుగుతున్నారండీ. మీరిద్దరూ ఒక కాయితం మీద సంతకం పెడితే నేను ఫైలు మూసేస్తాను" అన్నాడు.

"ఏం కాయితమండీ?" అన్నాడు మునీర్.

"ఇదివరకు జరిగిన గొడవలు ఇకమీదట జరగనివ్వమని."

"గొడవలేం జరగలేదండీ" అన్నాడు పాండురంగయ్య. "బట్ట చూసేటప్పుడు నాలుగు మాటలనుకుంటాం. మా నాన్న, వీళ్ళ నాన్న కూడా అనుకునేవాళ్ళు."

"నిప్పు పెడతానన్నారా లేదా?"

పాండురంగయ్య ఆలోచించాడు. "అన్నానండీ. ఆ ముందువారం ఇల్లు కూలిపోవాలన్నాను."

జహీదా కలగజేసుకుంది. ఆచారం సంగతి, మడత సంగతి, రాఘవమ్మ టీ అడిగిన సంగతి, అన్నీ చెప్పింది. నలభై మంది పిల్లలకి పాఠం చెప్పే గొంతే గాని మధ్యలో రెండుసార్లు తడబడింది. ఎస్సై ఓపిగ్గా విన్నాడు.

"ఇంగ్లీషులోకి చెప్పింది మీరేనా మేడమ్?"

"నేనేనండీ."

"మాటలు కరెక్టేనా?"

"మాటలు కరెక్టే. కానీ..."

"మాటలు కరెక్టే అంటున్నారు కదా. మీరే చెప్పాక నేనేం చెయ్యను" అని కాయితం ముందుకు జరిపాడు. అందులో, ప్రథమ పార్టీ మునీర్, ద్వితీయ పార్టీ పాండురంగయ్య, పరస్పరం దుర్భాషలాడబోమని, బిగ్గరగా వాదులాడబోమని, అలా చేస్తే చట్టపరమైన చర్యకి బాధ్యులమని ఉంది. మునీర్ గబగబా గీకేశాడు. పాండురంగయ్య ఒక్కో అక్షరం నిలబెట్టి రాశాడు. దుర్భాష అన్న మాట దగ్గర కాసేపు ఆగి, ఏమీ అడగకుండా, తేదీ వేశాడు.

బయటికొచ్చాక ముగ్గురూ ఒకే ఆటో ఎక్కారు. మునీర్ డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక చోటుంది.

ఆ సాయంత్రం జహీదా నెట్ సెంటర్లో కూర్చుని అమన్‌కి ఉత్తరం రాసింది. సంపాదకుడికి లేఖ ఎలా రాయాలో ఇంటర్ పిల్లలకి ఏటా బోర్డు మీద రాసి చూపిస్తుంది. కుడిపక్క తేదీ, ఎడమపక్క చిరునామా, మూడు పేరాలు. ఇప్పుడు మొదటి పేరాయే నడవలేదు. 'వాళ్ళు పోట్లాడుకునేది ఒకరంటే ఒకరికి గౌరవం కాబట్టి' అని రాస్తే పిచ్చిగా ఉంది. 'అది తగాదా కాదు' అని రాస్తే అబద్ధంలా ఉంది. 'అది మంచి తగాదా' అని రాసి కొట్టేసింది. రెండు గంటలు కూర్చుని పన్నెండు వాక్యాలు పంపింది. చివరి వాక్యంలో గుంటల లిస్టు సంగతి మళ్ళీ గుర్తుచేసింది.

జవాబు మర్నాడే వచ్చింది. మీ బాధ అర్థమైంది, మీ ఉత్తరాన్ని పాఠకుల పేజీలో ఎనభై మాటలకి కుదించి వేస్తాం, అయితే వ్యాసంలోని ప్రతి మాటా మీ అనువాదమేనని, రికార్డింగు మా దగ్గరుందని సవినయంగా గుర్తుచేస్తున్నాను, అని ఉంది. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఈ కాకి పొడిచిన చోటల్లా సారీ చెబుతుంది, అంతే తేడా. జహీదాకి ఆ కంప్యూటర్ని ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. లేచి డబ్బులిచ్చి ఇంటికొచ్చింది.

శుక్రవారం రానే వచ్చింది. జహీదా మధ్యాహ్నం క్లాసులు వేరేవాళ్ళకి అప్పగించి ఇంటికొచ్చి, షెడ్డులో రాఘవమ్మ పక్కన కూర్చుని కండెలు అందిస్తోంది. ఆ వారం పాండురంగయ్య కొత్త రకం వేశాడు. మావిచిగురు రంగు మీద సన్నటి నల్ల గళ్ళు. మునీర్ ఏమంటాడోనని ముందే రెండు మూడు జవాబులు కూడా తయారుచేసుకుని ఉంటాడు. పొద్దున్నించీ రెండుసార్లు అంచు సవరించాడు. ఉతికిన పంచె కట్టుకుని, మీసం దువ్వుకుని గుంట అంచున కూర్చున్నాడు.

మునీర్ వచ్చాడు. గుమ్మం బయటే ఆగాడు.

"రావచ్చాండీ?" అన్నాడు.

రాఘవమ్మ రాట్నం ఆగిపోయింది.

"రండి" అన్నాడు పాండురంగయ్య.

మునీర్ లోపలికొచ్చి, పేర్చి ఉన్న ఎనిమిది లుంగీలనీ చేత్తో తాకి, వేళ్ళతో మడతలు లెక్కపెట్టి, మూట కట్టడానికి గుడ్డ పరిచాడు. పైలుంగీ మీద బొటనవేలు ఒక్కసారి ఆగింది. మడత విప్పుతాడనుకుంది జహీదా. తిట్టు భయ్యా, ఒక్క మాట తిట్టు అని లోపల్లోపల మొక్కుకుంది. మునీర్ సందు వైపు చూశాడు. ఎదురింటి మేడ మీద ఎవరో ఇటే చూస్తూ నిలబడ్డారు. అతను మూట ముడివేశాడు.

"బాగున్నాయండీ పాండురంగయ్య గారూ."

"చూడకుండానేనా?" అని ఉండేవాడు ఇదివరకైతే. పాండురంగయ్య నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, చేతులు జోడించాడు. "సంతోషమండీ" అన్నాడు.

మునీర్ నూలు చిలపలు జాగ్రత్తగా గోడ వారన దించి, వెళ్ళొస్తానండీ అని చెప్పి మరీ వెళ్ళాడు. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. టీ ఇంకా ఇంట్లోంచి రానేలేదు.

పాండురంగయ్య గుమ్మం వైపు చూస్తూ అన్నాడు, ఎవరితోనో చెబుతున్నట్టు. "నలభై ఏళ్ళలో నా బట్ట మడత విప్పకుండా తీసుకెళ్ళినవాడు లేడు."

"కాయితం వల్ల బాబాయ్. భయ్యా మనసులో ఏం లేదు" అంది జహీదా.

"వాడి మనసు నాకు తెలియదా? వాణ్ణి ఎత్తుకుని తిప్పినవాణ్ణి. వాడు భయపడుతున్నాడు. నేనూ భయపడుతున్నాను. నోట్లో మాట ఉంది, ఎవరు వింటున్నారోనని మింగేశాను." గుంటలోంచి కాళ్ళు పైకి తీసుకుని, మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. "అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, వాడు తిట్టిన తిట్లు నాకెప్పుడూ తగల్లేదమ్మాయ్. వాడు 'గారూ' అంటే తగిలింది. ఈ మర్యాద కింద నేను నెయ్యలేను."

"నావల్లే బాబాయ్."

కాదులే అంటాడేమో అనుకుంది. పాండురంగయ్య అబద్ధమాడే మనిషి కాదు. "నీకు తెలియక చేశావు" అన్నాడు. "కానీ అమ్మాయ్, మా మాటలన్నీ చెప్పావు కదా. మీ పిన్ని టీ అడిగింది కూడా చెప్పాల్సింది."

జహీదాకి ఏడుపొచ్చింది. రాఘవమ్మ ఆవిడ వీపు మీద చెయ్యి వేసి, రెండో చేత్తో రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.

శనివారం పండగ. అమ్మీ ఎప్పటిలాగే సేమ్యా పాయసం చేసి షెడ్డుకి పంపింది. వాళ్ళు తిన్నారు. ఆదివారం పొద్దున పాండురంగయ్య పడుగు కోసేశాడు. మగ్గం మీద సగం నేసిన బట్ట ఉండగా కొయ్యడం నేతింట్లో మంచిది కాదంటారు. ఆ పోగులు తెగిన చప్పుడు వంటింట్లోకి వినపడింది. మంగళగిరిలో రాఘవమ్మ తమ్ముడున్నాడు, అక్కడ ఒక గుంట ఖాళీగా ఉందట, మేరకపాలెం ఆరేదాకా అక్కడ ఉంటామని చెప్పాడు. మేరకపాలెం గుంట ఏ లిస్టులోనూ లేదు, ఎప్పటికి ఆరుతుందో, ఎవరు తవ్విస్తారో ఎవరూ అడగలేదు.

మునీర్ ట్రాలీ ఆటో మాట్లాడాడు. మగ్గం చెక్కలు తనే మోశాడు. బరువైన దూలం ఎత్తేటప్పుడు ఇద్దరూ చెరోపక్కా పట్టుకున్నారు. "జాగ్రత్తండీ" అన్నాడు మునీర్. "పర్లేదండీ" అన్నాడు పాండురంగయ్య. సందులో జనం కిటికీల్లోంచి చూస్తున్నారు. గొడవ ఏమైనా జరుగుతుందేమోనని చూస్తున్నారు. ఏమీ జరగలేదు. ఆటో కదిలాక మునీర్ షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. జహీదా తలుపు కొట్టబోయి ఆగింది. వరద తరమలేదు ఆ మనిషిని. వరద వస్తే ఆయన తెలిసినవాళ్ళింటికి వచ్చాడు, అంతే. ఇవాళ తరిమింది వేరేది, దాన్ని ఇంగ్లీషులో చేసిపెట్టింది తను.

సోమవారం రెండో పీరియడ్‌కి బెల్లు కొట్టారు. జహీదా స్టాఫ్ రూములోంచి బయటికొస్తుంటే ఫోను మోగింది. అమన్. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. వ్యాసానికి మంచి పేరొచ్చిందని, వాతావరణం, వలసల మీద ఢిల్లీలో ఒక సదస్సులో దాన్ని చదవమన్నారని చెప్పాడు. మీ ఉత్తరం నన్ను కలవరపెట్టింది, అందుకే కనుక్కుందామని చేశాను అన్నాడు.

"ఇప్పుడెలా ఉంది మేడమ్? వాళ్ళిద్దరి మధ్యా ఇంకా గొడవలు జరుగుతున్నాయా?"

"లేదండీ" అంది జహీదా ఇంగ్లీషులో. "మొన్న శుక్రవారం ఒక్క మాట కూడా అనుకోలేదు."

"ఎంత మంచి మాట చెప్పారు" అన్నాడు అమన్, నిజంగా సంతోషపడుతూ. "అంటే మా వ్యాసం వల్ల కొంత మేలు జరిగిందన్నమాట. ఇది చివర్లో చేర్చుకోవచ్చా? అన్నీ విషాదాలే అవుతున్నాయని మా ఎడిటర్ అంటున్నారు. ఒక ఆశ కనిపించాలి."

వరండాలో పిల్లలు క్లాసులోకి పరిగెడుతున్నారు. జహీదా గోడకి ఆనుకుంది. ఆవిడ నోట్లో ఇంగ్లీషు వాక్యం సిద్ధంగానే ఉంది. కర్త, కర్మ, క్రియ, అన్నీ సరిగ్గా కుదిరి ఉంది. ఆ వాక్యం కూడా సదస్సుకే పోతుందని తెలిసి ఆపుకుంది.

"ఉన్న ఒక్క తగాదా పోగొట్టావు కదయ్యా" అంది తెలుగులో. "ఆయన పడుగు కోసుకుని వెళ్ళిపోయాడు. మా అన్న మూడు రోజుల్నించి అన్నం ముందు కూర్చుని లేస్తున్నాడు. గుంట సంగతి రాయవయ్యా అంటే గోతిలో కూర్చున్నారని రాశావు. నీ మూడు పేజీలూ నిండాయి, మా ఇల్లు ఖాళీ అయింది. నీకు నేను చెప్పకూడనిదంతా చెప్పాను, చెప్పాల్సింది చెప్పలేదు, అది నా ఖర్మ."

అవతల కాగితం మీద పెన్ను పెట్టుకున్న చప్పుడు.

"సారీ మేడమ్, అది తెలుగు కదా. ఏమన్నారో కొంచెం ఇంగ్లీషులో చెబుతారా?"

"చెప్పను" అంది జహీదా.

ఫోను కట్టేసి, హాజరు పట్టీ చంకన పెట్టుకుని క్లాసుకి వెళ్ళింది.